స్ఫటికీకరించవా, స్ఫటికీభవించవా?

ప్రశ్న: ప్లాస్టిక్కుల మీద వ్యాసంలో "కొమ్మలున్న పాలిమర్లు స్ఫటికీకరించవు" అని రాస్తే ఎడిటర్ గారు "స్ఫటికీకరింపబడవు" అని దిద్దారు. ఏది సరి? సెల్ఫ్ అసెంబ్లీని (అణువులు వాటంతటవే ఒక క్రమంలో సర్దుకోవడాన్ని) "స్వీయ సమీకరణం" అనొచ్చా?

సమాధానం: రెండూ నాకు నచ్చలేదండి. కరణం అంటే చేయడం, భవనం అంటే అవడం. రైల్వే లైన్లను విద్యుదీకరిస్తారు, నిబంధనల్ని సరళీకరిస్తారు, అంటే చేసేవాళ్లు వేరే ఉన్నారు. నీరు మాత్రం తనే ఘనీభవిస్తుంది. బళ్లో చదివిన ద్రవీభవన స్థానం కూడా ఈ కోవలోదే. పాలిమర్ అంటే గొలుసులాంటి పొడవాటి అణువు. కరిగిన పాలిథీన్ చల్లారుతుంటే దాని గొలుసులు వాటంతటవే మడతలు పడి పక్కపక్కన సర్దుకుంటాయి, కాబట్టి స్ఫటికీభవిస్తాయి. స్ఫటికీకరణం అన్న నామవాచకం పుస్తకాల్లో రెంటికీ స్థిరపడిపోయింది, దాంతో నాకు పేచీ లేదు, చిక్కల్లా క్రియతోనే. ఇక ఆ "బడు" దేనికో! ఇంట్లో నెయ్యి పేరుకుంది, పూసకట్టింది అంటాం గానీ పేర్చబడింది అనం కదా.

అయితే వ్యాకరణం దిద్దుకున్నా మీ వాక్యం నిజం కాదు. 1933లో ఇంగ్లండులో ఐసీఐ అనే రసాయనాల కంపెనీ వాళ్లకు దొరికిన పాలిథీన్‌కి కొమ్మలు, అంటే గొలుసు పక్కన మొలిచిన గొలుసులు, ఎక్కువ. అవి అడ్డుపడి గొలుసులు దగ్గరగా సర్దుకోలేవు, అయినా దాదాపు సగం స్ఫటికీభవిస్తుంది, 110 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 1953లో జర్మన్ రసాయన శాస్త్రవేత్త జీగ్లర్ ఉత్ప్రేరకంతో వచ్చిన, కొమ్మలు బాగా తక్కువున్న రకం ఇంకా గట్టిది, కరగాలంటే 130 దాటాలి. అందుకే "అంతగా స్ఫటికీభవించవు" అనండి. అదీ పాలిథీన్ వరకే, ఎందుకంటే మనం రోజూ తినే బియ్యంలో కథ తిరగబడుతుంది. పిండిపదార్థంలో అమైలోపెక్టిన్ అనే పాలిమర్‌కి ఒళ్లంతా కొమ్మలే, కానీ పచ్చి గింజలో స్ఫటికాలుగా ఉండేది ముఖ్యంగా అదే. పక్కపక్క కొమ్మలు జంటలుగా మెలిపడి పొరలు పొరలుగా పేరుకుంటాయి. అంటే కొమ్మలున్నాయా లేదా అని కాదు, ఎంత పొడుగున్నాయి, ఎక్కడెక్కడ మొలిచాయి అన్నది చూడాలి.

స్వీయ సమీకరణంలోనూ ఆ కరణమే ఉంది, పైగా చదివేవాళ్లకి లెక్కల పుస్తకమో నిధుల సమీకరణో గుర్తొస్తుంది. "స్వయం అమరిక" చాలు, క్రియగా "తమంతట తాము అమరుతాయి" అనండి. బాటిల్‌బ్రష్ పాలిమర్లని ఉన్నాయి, మధ్య గొలుసు పొడుగునా దట్టంగా కొమ్మలు; వాటిలో రెండు రకాల ముక్కలు కలిపి అతికితే మందపాటి పొరలుగా అమరి, రంగు కలపకుండానే రంగులు చూపిస్తాయి. ఈ వాక్యంలో "అమరి" తీసేసి "స్వీయ సమీకరించుకుని" అని పెట్టి ఒకసారి పైకి చదవండి.