లోడు కిరాయి బాకీ: ట్రిప్పు ట్రిప్పుకూ గడువు వేరు

సందేహం: నాకు పది టైర్ల లారీ ఉంది. నందిగామ చుట్టుపక్కల తోటల నుంచి పేపరు మిల్లుకు సుబాబుల్ కర్ర తోలుతాను. ఒక కర్ర వ్యాపారితో టన్నుకు 850 కిరాయి, మిల్లులో దించిన 15 రోజులకు డబ్బు అని నోటిమాట. 2022 డిసెంబరు 6 నుంచి 2023 నవంబరు వరకు 34 ట్రిప్పులు వేశాను. డీజిల్ పెరిగిందని, తోటలు దూరమయ్యాయని అడిగితే చివరి 17 ట్రిప్పులకు టన్నుకు 130 కలిపి ఇస్తానన్నాడు. అసలు కిరాయిలో 3 లక్షల 10 వేలు, పెంచినదాంట్లో 42 వేలు, మిల్లు గేటు దగ్గర రోజుల తరబడి ఆగినందుకు 30 వేలు రావాలి. సొంత అన్నలా నమ్మాను. ఫైనాన్స్ కంతులు కట్టలేక నా భార్య నగలు కుదువ పెట్టాను. 2025 సెప్టెంబరులో 40 వేలకు చెక్కు ఇచ్చాడు. జిరాక్సు తీసుకోలేదు. తర్వాత ఫోను ఎత్తడం లేదు. చివరి ట్రిప్పు 2023 నవంబరుది కాబట్టి దావాకు 2026 నవంబరు దాకా టైముంది కదా అనుకుంటున్నాను. ఇప్పుడు వాళ్ల మేస్త్రీ మళ్లీ లోడుకు పిలుస్తున్నాడు. ఆ లోడు వేరేచోట అమ్మి బాకీ కింద జమ వేసుకోవచ్చా?

జవాబు: నమ్మకం గురించి, నగల గురించి చాలా రాశారు. కేసును తేల్చేది మాత్రం మీరు ఒక్క ముక్కలో చెప్పి వదిలేసిన ఆ 40 వేల చెక్కు.

చివరి ట్రిప్పు 2023 నవంబరులో వేశాను కాబట్టి 2026 నవంబరు దాకా టైముందని మీ ధీమా. ఖాతా నడుస్తోంది కదా అని లారీవాళ్లు చాలామంది ఇలాగే మోసపోతారు. దావా వేసే గడువులు చెప్పే లిమిటేషన్ చట్టం 1వ అధికరణం కింద నడుస్తున్న ఖాతాకు వెసులుబాటు రావాలంటే ఇద్దరికీ ఒకరి నుంచి ఒకరికి రావలసినవి ఉండాలి. మీ లెక్కలో అతను ఇవ్వాల్సిందే తప్ప మీరు ఇవ్వాల్సింది ఏమీ లేదు. కాబట్టి ఏ ట్రిప్పు గడువు ఆ ట్రిప్పుదే. బండి కిరాయి కింద చూసినా, ఒప్పందం తప్పడం కింద చూసినా మూడేళ్లే. డిసెంబరు 6న దించిన లోడు డబ్బు 15 రోజుల వాయిదాతో 21న ఇవ్వాలి. మామూలు లెక్కలో 2025 డిసెంబరు 21తో ఆ ట్రిప్పు పోయింది. మిగతావి దాని వెనకే ఒక్కొక్కటీ పోతుంటాయి. అవతలివాడు అభ్యంతరం చెప్పకపోయినా, గడువు దాటిన దావాను 3వ సెక్షన్ కింద కోర్టే కొట్టేయాలి.

ఇక్కడే చెక్కు పనికొస్తుంది. అదే చట్టం 19వ సెక్షన్ ప్రకారం, గడువు లోపల బాకీలో కొంత చెల్లించి, ఆ చెల్లింపు అతని చేతిరాతతోనో సంతకంతోనో కనిపిస్తే, ఆ రోజు నుంచి కొత్తగా మూడేళ్లు వస్తాయి. సెప్టెంబరు నాటికి మీ 34 ట్రిప్పుల్లో ఒక్కదానికీ గడువు తీరలేదు. మొత్తం బాకీలో జమగా ఇచ్చాడని రుజువైతే అన్నీ బతుకుతాయి. అది ఫలానా ట్రిప్పుకే ఇచ్చానని అతను తప్పకుండా అంటాడు. అప్పుడు ఏం చూపిస్తారు? ఇంత బాకీలో చేతికొచ్చిన సంతకం కాగితాన్ని జిరాక్సు కూడా తీయకుండా బ్యాంకులో వేసేయడం ఏమిటండీ! రేపే బ్యాంకుకు వెళ్లి చెక్కు ఇమేజి, ఆ నెల స్టేట్‌మెంటు అడగండి. చెక్కు ఇచ్చే ముందు 34 ట్రిప్పుల పట్టీ వాట్సాప్‌లో పంపి ఉంటే అది ప్రాణం. ఆ ఫోను మార్చకండి, ఫార్మాట్ చేయకండి. ఆ మెసేజిని కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ కావాలి. డబ్బు ఏ ట్రిప్పుకో అతను చెప్పకపోతే కాంట్రాక్టు చట్టం 60వ సెక్షన్ కింద మీరే పాత ట్రిప్పులకు జమ వేసుకోవచ్చు. గడువు దాటినవాటికి కూడా.

పెంచిన 130 సంగతికి వస్తే, డీజిల్ మాట ఎత్తకండి. 2022 మే తర్వాత 2024 మార్చి దాకా బంకు ధర దాదాపు కదల్లేదు. క్రాస్‌లో, అంటే అవతలి లాయరు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు, ఆ ఒక్క ప్రశ్నతో మీ మిగతా సాక్ష్యం మీద కూడా నమ్మకం పోతుంది. దూరం మీదే నిలబడండి. కొత్త తోటల దారిలో టోల్ ఉంటే ఫాస్టాగ్ స్టేట్‌మెంటులో తేదీ, టైముతో సహా వస్తుంది. మిల్లు కాటా చీటీ మీద బండి లోపలికి వెళ్లిన టైము, బయటికి వచ్చిన టైము ఉంటాయి కాబట్టి గేటు లోపల ఎంతసేపు ఆగిందో తేలుతుంది. ఆగిన రోజుకు ఇంత అని మాట లేకపోతే మాత్రం ఆ 30 వేల మీద ఆశ పెట్టుకోవద్దు. కాటా చీటీలు డ్యాష్‌బోర్డు ఎండలో ఉంటే అచ్చు ఎగిరిపోతుంది, ఈరోజే ఫొటోలు తీయండి. పది టైర్ల బండికి బండితో కలిపి 28.5 టన్నులే పరిమితి. అంతకు మించిన చీటీలుంటే అతని లాయరు ఓవర్‌లోడు ఎత్తుతాడు. దాచకుండా మీ లాయరుకు ముందే చెప్పండి.

ఇక లోడు అమ్మేసే ఆలోచన. వద్దు. మీకు అప్పగించిన సరుకును రవాణాదారుగా మీరు అమ్ముకుంటే అది భారతీయ న్యాయ సంహిత 316(3) కింద నేరం, ఏడేళ్ల దాకా జైలు. అమ్మకుండా ఆపి ఉంచినా తప్పే. ప్రత్యేక ఒప్పందం లేనిదే, ఒక లోడును ఆ లోడు కిరాయి కోసం ఆపగలరు గానీ పాత బాకీకి కాదు. అతను కేసు పెడితే లారీ పోలీసు స్టేషన్ ఆవరణలో ఆగిపోతుంది, ఫైనాన్స్ కంతులు ఆగవు. ఇప్పుడు బాకీ అతనిది. ఆ పని చేస్తే ముద్దాయి మీరవుతారు.

ముందు లాయరు ద్వారా రిజిస్టర్డ్ నోటీసు ఇప్పించండి. ట్రిప్పు వారీ పట్టీ జత చేసి, వడ్డీ కూడా అడగండి. రాతపూర్వకంగా అడిగిన రోజు నుంచే ఆ వడ్డీ లెక్క కడతారు. సరుకు రవాణా బాకీ 3 లక్షలు దాటితే అది కమర్షియల్ వివాదం. అత్యవసర ఉత్తర్వులు కోరితే తప్ప, దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వానికి దరఖాస్తు చేయాలి. అది లేకుండా వేసిన దావాను తిరస్కరించాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అక్కడ పట్టిన కాలం గడువు లెక్కలోకి రాదు, కాబట్టి నోటీసుకు జవాబు కోసం నెలలు కూర్చోకుండా దరఖాస్తు పెట్టేయండి.

ఈలోగా అతను మాట్లాడుకుందామని వస్తే, వాయిదా ఇచ్చే ముందు సంతకం తీసుకోండి. "బాకీ ఉన్నాను" అని రాస్తే గడువులో ఉన్న ట్రిప్పులకే కొత్త గడువు వస్తుంది. దాటిపోయిన ట్రిప్పులకు "ఈ మొత్తం ఇస్తాను" అని అతని సంతకంతో రాతపూర్వకంగా ఉండాలి. ఆ రెండో మాట రాయించకుండా కాగితం మడవకండి.