కొండమీది వేగిస కోనసీమలో ఎందుకు చచ్చింది?

ప్రశ్న: మారేడుమిల్లి ఘాట్‌లో ఒక్క మలుపు తిరిగేసరికి అడవి మారిపోతోంది. ఒకపక్క వెదురు, ఇంకోపక్క చీకటిగా దట్టమైన చెట్లు. మాది బలమైన గోదావరి ఒండ్రు. అయినా నర్సరీలో కొని నాటిన వేగిస (కలప చెట్టు) మొక్కలు రెండో వానాకాలంలో చచ్చిపోయాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, అంబాజీపేట

జవాబు: నీరు నేలలోకి ఇంకక, వేరు దగ్గరే నిలిచిపోయి చచ్చాయి. వాన వెలిశాక వేరు దగ్గర తడి ఎంతకాలం ఉంటుందన్నదే కొండమీద కూడా చెట్ల రకాన్ని చాలావరకు తేలుస్తుంది.

అటువైపు కొండల్లో ఖోండలైట్ రాయి ఎక్కువ. అది చివికి, ఇనుము వల్ల ఎర్రమట్టి అవుతుంది. ప్రతి వానకూ ఆ మట్టి కిందికి జారుతుంది. అందుకే కొండ నెత్తిన జానెడు లోతులోనే రాయి తగులుతుంది, లోయలో నిలువెత్తు తవ్వినా మట్టే. నెత్తిమీద రాతి సందుల్లోకి వేరు దించి, ఎండాకాలం ఆకు రాల్చి బతికే తపసి, కొండగోగు చెట్లు ఉంటాయి. నడుమ వాలులో వేగిస, నల్లమద్ది, సాధనపు వెదురు. వాగు ఒడ్డున ముళ్లవెదురు, నేరేడు, జీలుగు (పచ్చిరొట్ట జీలుగ కాదు, కల్లు గీసే చెట్టు).

మీరు చూసిన మలుపులో ఎండ సంగతి కూడా ఉంది. మనకు ఏడాదిలో సుమారు తొమ్మిది నెలలు మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు. జనవరిలో ఉత్తరపు వాలున రాలిన ఆకుల కింద చెయ్యి పెడితే తడి తగులుతుంది. దక్షిణపు వాలున అదే ఆకు కాలికింద గలగలమంటుంది. రెండు వాలుల మధ్య దూరం వంద గజాలు కూడా ఉండకపోవచ్చు!

మన డెల్టాలో ఎక్కువచోట్ల బంకమట్టి, పక్కనే కాలువ. వానాకాలం నీటిమట్టం పైకొస్తే మట్టిలో గాలి ఆడక వేరు కుళ్లుతుంది. ఆకు వాడిందని మనం ఇంకా నీళ్లు పోస్తాం, దాంతో పని పూర్తవుతుంది. చచ్చిన మొక్కను పీకి చూడండి. వేరు నల్లబడి, పట్టుకుంటే తొక్క చేతికి ఊడొచ్చి, మురుగు కంపు కొడితే కారణం ఇదే.

మళ్లీ నాటేముందు అడుగు వెడల్పు, అడుగున్నర లోతు గుంట తీసి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపి, గంటలో ఎంత దిగిందో పుల్లతో కొలవండి. అంగుళం కూడా దిగకపోతే వేగిసకు ఆ చోటు పనికిరాదు. గుంటలో ఇసుక పోసి లాభం లేదు. చుట్టూ బంకమట్టే కాబట్టి అది కుండీలా నీళ్లు పట్టుకుంటుంది. నేలమీదే రెండడుగుల ఎత్తు, ఆరడుగుల వెడల్పు దిబ్బ వెయ్యండి: రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు ముతక ఏటి ఇసుక, కొంచెం మాగిన పశువుల ఎరువు. సముద్రపు ఇసుకలో ఉప్పు ఉంటుంది, వద్దు. దిబ్బ చుట్టూ బోదె తీసి మురుగు కాలువలో కలపండి.

అంత ఓపిక లేకపోతే తెల్లమద్ది నాటండి. వాగు ఒడ్డు చెట్టు, తడికి ఓర్చుకుంటుంది.

ప్రశ్న: అడవి నుంచే మొక్కలు తెచ్చుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: వద్దమ్మా. పాపికొండలు 2008 నుంచి జాతీయ ఉద్యానవనం. అక్కడ మొక్క పీకడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. పైగా పీకేటప్పుడు తల్లివేరు తెగుతుంది, ఆ మొక్క బతకడం కష్టం. కడియం నర్సరీల్లో అడగండి. ఏడాదిలోపు మొక్క, పొడుగు సంచిలో పెంచింది తీసుకోండి. సంచి అడుగున వేరు చుట్ట చుట్టుకుని ఉంటే వదిలెయ్యండి.