సూపర్ సొమ్ముకు నామినీగా అమ్మ పేరు చెల్లుతుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నాకు 41 ఏళ్లు. 2014లో టెంపరరీ వీసా మీద మెల్‌బోర్న్ వచ్చాను. తర్వాత పీఆర్, కిందటేడు సిటిజన్‌షిప్ వచ్చాయి. ఉద్యోగాలు మారుతూ రావడంతో మూడు సూపర్ ఫండ్లలో, అంటే ఇక్కడి రిటైర్మెంట్ పొదుపు ఖాతాల్లో, డబ్బు ఉంది. పెళ్లికి ముందు, మొదటి ఫండ్‌లో ఆన్‌లైన్‌లో మా అమ్మ పేరు నామినీగా పెట్టాను. అమ్మ గుంటూరు దగ్గర మా ఊళ్లో ఒక్కతే ఉంటుంది. ఆమె ఖర్చులకు నెలనెలా నేనే పంపుతాను. ఇప్పుడు నాకు భార్య, ఇద్దరు చిన్నపిల్లలు. భార్య ప్రస్తుతం ఉద్యోగం చేయడం లేదు. "పెళ్లయితే పాత నామినేషన్ దానంతటదే పోతుంది, పీఎఫ్‌లో అంతే కదా" అని ఒకరంటారు. "వీలునామా రాసేయ్, సూపర్ కూడా అందులోకే వస్తుంది" అని ఇంకొకరంటారు. ఏది నిజం? నా స్నేహితుడొకడు ఇండియా వెళ్లిపోయి తన సూపర్ మొత్తం తీసేసుకున్నాడు. మేమూ నాలుగైదేళ్లలో వెళ్లిపోదామనుకుంటున్నాం. నేనూ అలా తీసుకోవచ్చా? రిటైర్మెంట్ కోసం ఇంకా విడిగా వేయాలా? - పేరు వద్దన్న పాఠకుడు

జవాబు: మీకు సలహా చెప్పిన ఇద్దరూ పొరబడ్డారు. వాళ్లను తప్పుపట్టను. మన దేశపు లెక్కలు తెచ్చి ఇక్కడి చట్టానికి అతికిస్తే జరిగేది అదే.

పీఎఫ్ సంగతి వాళ్లు చెప్పింది సరైనదే. 1952 నాటి ఈపీఎఫ్ స్కీము 61వ పేరా ప్రకారం, కుటుంబం లేనప్పుడు చేసిన నామినేషన్, కుటుంబం ఏర్పడగానే చెల్లకుండా పోతుంది. ఆస్ట్రేలియా సూపర్ చట్టంలో అలాంటి నియమం లేదు. మీరు పెళ్లి చేసుకున్న సంగతి ఫండ్‌కి తెలియదు, మీరు చెబితే తప్ప. కొన్ని ఫండ్ల ట్రస్ట్ డీడ్‌లో, అంటే ఫండ్ నియమాల పత్రంలో, పెళ్లి గురించి విడిగా షరతు ఉండొచ్చు. అది ఆ డీడ్ చదివితే గానీ తేలదు.

ఇక వీలునామా. సూపర్ డబ్బు మీ పేరున కనిపించినా, చట్టం దృష్టిలో అది ఫండ్‌ను నడిపే సంస్థ, అంటే ట్రస్టీ చేతిలో ఉన్న ట్రస్టు సొమ్ము. మీరు అందులో సభ్యులు. అందుకే మీరు కాలం చేస్తే అది ఇల్లు, కారు, బ్యాంకు ఖాతాలతో కలిసి మీ ఎస్టేట్‌లో, అంటే మీరు వదిలివెళ్లే ఆస్తిలో, దానంతటదే చేరిపోదు. "నా సూపర్ అంతా నా భార్యకే" అని వీలునామాలో ఎంత స్పష్టంగా రాసినా, ఆ ఒక్క వాక్యానికి ఫండ్ కట్టుబడనక్కర్లేదు. మరణానంతరం ఆ సొమ్ము ఎవరికి వెళ్లాలో తేల్చేవి రెండే: 1993 నాటి సూపర్ యాన్యుయేషన్ ఇండస్ట్రీ సూపర్‌విజన్ చట్టం, మీ ఫండ్ నియమాలకు లోబడి మీరిచ్చిన నామినేషన్.

ఆ చట్టం ఎవరిని ఆధారపడినవారు అంటుందో చూద్దాం. భార్య లేక భర్త, పెళ్లి లేకుండా కలిసి ఉంటున్న భాగస్వామి, ఏ వయసు వాళ్లయినా పిల్లలు, పరస్పరం ఆధారపడి జీవిస్తున్నవారు, ఇంకా నిజంగా మీ డబ్బు మీద బతికేవారు. వీళ్లు కాకుండా మీ ఎస్టేట్‌ను నడిపే ఎగ్జిక్యూటర్‌కు ఇవ్వొచ్చు. తల్లి, తండ్రి, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఈ వరసలో లేరు. మనకిది మింగుడుపడదు. కన్నతల్లి కంటే దగ్గరి బంధువు ఎవరంటారు? కానీ ఇక్కడి చట్టం రక్తసంబంధం చూడదు, ఆధారం చూస్తుంది.

మీ అమ్మగారికి ఒక్క తలుపు తెరిచి ఉంది. పరస్పరం ఆధారపడటం అనే కోవలోకి రావాలంటే మామూలుగా ఒకే ఇంట్లో ఉండాలి, కాబట్టి అది కష్టం. మీరు పంపే డబ్బుతోనే ఆమె ఇల్లు గడుస్తుంటే మాత్రం, ఆర్థికంగా మీ మీద ఆధారపడిన వ్యక్తి అని వాదించొచ్చు. పండగకో పబ్బానికో పంపే డబ్బుకు ఆ విలువ ఉండదు. నెలనెలా బ్యాంకు ద్వారా వెళ్లిన సొమ్ము, ఆమెకు వేరే ఆదాయం లేదనో చాలదనో చూపే కాగితాలు కావాలి. చుట్టాల చేతికిచ్చి పంపిన నగదును రుజువు చేయడం కష్టం. పైగా ఇదంతా మీరు పోయే రోజున నిజమై ఉండాలి. నామినేషన్ రాసిన రోజున ఆమె మీ మీద ఆధారపడి ఉంటే చాలదు.

అసలు మీరు ఆన్‌లైన్‌లో పెట్టింది ఏ రకం నామినేషన్? తెర మీద పేరు కొట్టి సేవ్ చేసేది ఎక్కువగా నాన్‌బైండింగ్ అయివుంటుంది. అంటే అది ట్రస్టీకి మీరు చెప్పుకున్న కోరిక మాత్రమే. ట్రస్టీ దాన్ని చూస్తుంది, కానీ తన విచక్షణతో పంచుతుంది. బైండింగ్ నామినేషన్ అంటే రాతపూర్వకంగా, 18 ఏళ్లు దాటిన ఇద్దరు సాక్షుల ముందు తేదీ వేసి సంతకం చేసింది. ఆ సాక్షుల పేర్లు లబ్ధిదారుల్లో ఉండకూడదు. ఇంటికొచ్చిన బావమరిది సాక్షి సంతకం చేయొచ్చు, మీ భార్య పేరు రాస్తే ఆమె చేయకూడదు. సాధారణంగా ఇది మూడేళ్లకు కాలం చెల్లుతుంది, మళ్లీ ధ్రువీకరించాలి. కాలం చెల్లని రకం కూడా కొన్ని ఫండ్లు ఇస్తాయి. సొంత ఫండ్, అంటే ఎస్‌ఎమ్‌ఎస్‌ఎఫ్ నడిపేవారికి ఈ సాక్షులు, మూడేళ్ల నియమం వర్తించదని 2022లో హిల్ వర్సెస్ జూడా కేసులో ఆస్ట్రేలియా హైకోర్టు తేల్చింది. అక్కడ డీడ్ ఏం చెబితే అదే. మీకు ఆ బాధ లేదు కాబట్టి దాన్ని వదిలేస్తాను.

అనుకోకూడదు గానీ, ఇవాళ మీకేదైనా అయితే ఏమవుతుందో చెబుతాను. మొదటి ఫండ్‌లో అమ్మ పేరు ఒక కోరికగా ఉంది. మిగతా రెండింటిలో ఏ పేరూ లేదనుకుంటాను, మీరు చెప్పలేదు. మూడు చోట్లా ట్రస్టీలే విచారించి నిర్ణయిస్తాయి. చిన్నపిల్లలున్న భార్యకు ఎక్కువ భాగం వచ్చే అవకాశముంది. కానీ మీ అమ్మగారూ హక్కు అడగొచ్చు. ట్రస్టీ ప్రతిపాదన మీద అభ్యంతరం చెప్పడానికి 28 రోజులు, తుది నిర్ణయం నచ్చకపోతే ఆఫ్కా అని పిలిచే ఫైనాన్షియల్ కంప్లైంట్స్ అథారిటీకి వెళ్లడానికి మరో 28 రోజులు. ఊళ్లో ఉన్న పెద్దావిడ, ఇక్కడ ఇద్దరు పిల్లలతో ఉన్న కోడలు, మధ్యలో ఇంగ్లిషు ఉత్తరాలు. అత్తాకోడళ్లు ఎంత మంచివాళ్లయినా ఆ స్థితికి వాళ్లను నెట్టడం మీకు ఇష్టం ఉండదని అనుకుంటాను.

నేనైతే ఇలా చేస్తాను. ఫండ్లు కలిపేశాక, మిగిలిన దానిలో బైండింగ్ నామినేషన్ ఇచ్చి పెద్ద భాగం భార్య పేరున రాస్తాను. అమ్మకు ఇవ్వాలనుకున్న భాగాన్ని నేరుగా ఆమె పేరున కాకుండా, ఎగ్జిక్యూటర్‌కు, అంటే లీగల్ పర్సనల్ రిప్రజెంటేటివ్‌కు వెళ్లేలా రాసి, వీలునామాలో "సూపర్ నుంచి ఎస్టేట్‌కు వచ్చిన సొమ్ము మా అమ్మకు" అని పెడతాను. అప్పుడు ఆమె ఆధారపడిందా లేదా అనే వాదన నామినేషన్ చెల్లుబాటును దెబ్బతీయదు. వీలునామా లేకుండా మాత్రం ఇలా రాయకండి, అమ్మకు చేరాల్సింది చేరకుండా పోతుంది. పెళ్లికి ముందే వీలునామా రాసి ఉంటే, విక్టోరియాలో పెళ్లితో అది సాధారణంగా రద్దయిపోతుంది, కొత్తది కావాల్సిందే. ఎస్టేట్‌లోకి వచ్చిన డబ్బు మీద అప్పులవాళ్లు, వారసత్వ దావా వేసేవాళ్లు కన్నేసే వీలుంది, అదొక్కటే లోపం. పిల్లల పేర్లు నేరుగా రాయాలనిపిస్తుంది గానీ, మైనర్ల చేతికి లక్షల డాలర్లు ఇవ్వలేరు కదా. వాళ్ల కోసం వీలునామాలోనే ట్రస్టు పెట్టించుకోవడం మేలు.

పన్ను మాటొకటి. పన్ను చట్టంలో ఆధారపడినవారి నిర్వచనం వేరు. భార్యకు, 18 ఏళ్లలోపు పిల్లలకు ఒకేసారి ఇచ్చే మొత్తం మీద పన్ను ఉండదు. ఆర్థికంగా ఆధారపడ్డ తల్లికీ అంతే. అలా కాదని తేలితే సొమ్ములోని పన్ను విధించదగ్గ భాగం మీద మామూలుగా 15 శాతం, నేరుగా చెల్లిస్తే దానిపై ప్రభుత్వ ఆరోగ్య పథకం కోసం వసూలు చేసే మెడికేర్ లెవీ కూడా. అందుకని అమ్మకు పంపే డబ్బు బ్యాంకు స్టేట్‌మెంట్లు రెండు పనులకూ పనికొస్తాయి.

మూడు ఫండ్లనీ ఒకటి చేయమన్నాను, కానీ తొందరపడొద్దు. చాలామంది బ్యాలెన్స్ చూసి ఫీజు లెక్క వేస్తారు, లోపల బీమా ఉందన్నది మర్చిపోతారు. మీ సూపర్‌తో వచ్చే జీవిత బీమా, వైకల్య బీమా విలువ ఒక్కోసారి బ్యాలెన్స్ కంటే ఎక్కువ. 16 నెలలు డబ్బు పడని ఖాతాలో బీమా ఆగిపోతుంది, ఉంచమని మీరు రాసిస్తే తప్ప. ఈ మధ్య ఏదైనా జబ్బు వచ్చి ఉంటే, పాత ఖాతా మూసేసి కొత్త దాంట్లో అంతే బీమా అడిగినప్పుడు రాకపోవచ్చు. ముందు బీమా నిలుపుకుని ఆ తర్వాతే ఖాతా మూయండి. కలపడమంటారా, ప్రభుత్వ ఆన్‌లైన్ ఖాతా మైగవ్‌లో పన్నుల శాఖ ఏటీఓ లింకు పెట్టుకుంటే నాలుగు నొక్కుల పని. 2021 నవంబర్ నుంచి కొత్త ఉద్యోగంలో చేరినా పాత ఫండే మీ వెంట వస్తుంది. మీ మూడు ఖాతాలు అంతకు ముందు కాలపు సంతానం అయివుంటాయి.

ఇక మీ స్నేహితుడి విషయం. అతను టెంపరరీ వీసా మీద ఉండి, దేశం వదిలి, వీసా కూడా ముగిశాక, అలా వెళ్లిపోయేవారికిచ్చే సూపర్ చెల్లింపు, అంటే డాస్ప్ కింద తీసుకుని ఉంటాడు. అలా తీసుకుంటే మామూలు ఫండ్ సొమ్ము మీద 35 శాతం పన్ను పోతుంది, వర్కింగ్ హాలిడే వీసా వాళ్లకయితే 65 శాతం. మీరు సిటిజన్. సిటిజన్లకు, పీఆర్ వాళ్లకు ఆ దారి లేదు. టెంపరరీ వీసా రోజుల్లో పడ్డ భాగం మట్టుకయినా ఇస్తారా అంటే, అదీ ఇవ్వరు. ఇండియా పీఎఫ్‌కు బదిలీ చేయడం కూడా కుదరదు. న్యూజిలాండ్‌కు తప్ప అలాంటి ఏర్పాటు లేదు. మీరు 1964 జూన్ 30 తర్వాత పుట్టారు కాబట్టి 60 ఏళ్లు వచ్చి, పని మానాక తీసుకోవచ్చు. పని చేస్తూనే ఉన్నా 65కి మీ ఇష్టం. 60 తర్వాత మామూలు ఫండ్ నుంచి తీసుకుంటే ఆస్ట్రేలియా పన్ను పడదు. ఇండియాలో మీరు రెసిడెంట్ అయ్యాక అక్కడి పన్ను వేరే కథ. విదేశీ రిటైర్మెంట్ ఖాతాల కోసం ఇండియా 2022లో ఇచ్చిన వెసులుబాటు అమెరికా, బ్రిటన్, కెనడాలకే, ఆస్ట్రేలియా పేరు అందులో లేదు. వెళ్లే ముందు రెండు దేశాల పన్నులూ తెలిసిన ఆడిటర్‌తో ఒక గంట కూర్చోండి.

"ఇప్పుడే తీయించి పెడతాం, సొంత ఫండ్ తెరిస్తే చాలు" అని ఎవరైనా చెబితే ఆ ఫోను పెట్టేయండి. అది చట్టవిరుద్ధంగా ముందే తీసుకోవడం. సొమ్మును మీ ఆదాయంగా కట్టి పన్ను వేస్తారు, పెనాల్టీ ఉంటుంది, వాళ్ల కమీషన్ అప్పటికే పోయి ఉంటుంది.

ఇంకా ఎంత వేయాలన్నది లాయర్ చెప్పేది కాదు, లైసెన్సు ఉన్న ఫైనాన్షియల్ అడ్వైజర్ చెప్పాలి. చట్టం గీసిన గీతలు మాత్రం చెబుతాను. 1992లో 3 శాతంతో మొదలైన, సూపర్‌లో యజమాని వేసే వాటా 2025 జులై నుంచి 12 శాతం. మీరు చెప్పలేదు గానీ, మీ జీతం 1,10,000 డాలర్లు అనుకుంటే అది 13,200. లోపలికి వెళ్లేటప్పుడు 15 శాతం పన్ను. 2025-26లో యజమాని వాటా, మీరు జీతం నుంచి మినహాయించి వేసేది కలిపి 30,000 దాటకూడదు, కాబట్టి మీకు ఇంకో 16,800 చోటుంది. మీ శ్లాబులో 30 శాతం కట్టే చోట 15తో సరిపోతుంది. బ్యాలెన్స్ 5 లక్షల డాలర్ల లోపుంటే గత అయిదేళ్లలో వాడని చోటు కూడా వాడుకోవచ్చు. అయితే వేసింది 19 ఏళ్లు బయటికి రాదు. నాలుగేళ్లలో ఊళ్లో ఇల్లు కట్టాలనుకునేవారు పన్ను కలిసొస్తుందని అందులో పోయడం నాకు నచ్చదు. మీ భార్య ఆదాయం 37,000 కంటే తక్కువ కాబట్టి ఆమె ఖాతాలో ఏడాదికి 3,000 వేస్తే మీకు 540 డాలర్ల పన్ను తగ్గుతుంది. అది చిన్నదే, కానీ ఇల్లు చూసుకునే మనిషికి తన పేరున కొంత పోగవుతుంది.

ప్రభుత్వమిచ్చే ఏజ్ పెన్షన్ 67 ఏళ్లకు, ఆస్తి, ఆదాయ పరీక్షలతో, సాధారణంగా 10 ఏళ్ల నివాసం ఉంటేనే. ఇండియాతో 2016 నుంచి అమల్లో ఉన్న సామాజిక భద్రత ఒప్పందంలో ఇది కూడా ఉంది. అందుకని పీఆర్ వచ్చిన తేదీ, ఇక్కడ ఉన్న కాలం, హైదరాబాద్‌లోనో ఎక్కడో చేసిన పాత ఉద్యోగపు పీఎఫ్ కాగితాలు పారేయకండి.

ఈ వారంలో మూడు ఫండ్లకూ ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి: నా నామినేషన్ ఏ రకం, ఎవరి పేరున ఉంది, దాని గడువు ఎప్పటికి? జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. వాటిని, బీమా కాగితాల్ని, అమ్మకు పంపిన డబ్బు స్టేట్‌మెంట్లని ఒక ఫైల్‌లో పెట్టి, ఆ ఫైల్ ఎక్కడుందో మీ భార్యకు చూపించండి. వీలునామా రాయించేటప్పుడు లాయర్‌కు ముందు ఆ ఫైలే ఇవ్వండి.