జుట్టుకు రంగు వెయ్యలేదని గోడౌన్లోకి పంపి, ఆఖరికి రాజీనామా రాయించుకున్నారు: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది అనంతపురం, వయసు 41. సుభాష్ రోడ్డులో ఒక బట్టల షోరూంలో ఆరేళ్లుగా పట్టుచీరల సెక్షన్లో పనిచేసినా. స్టాఫ్ అరవై మంది దాకా ఉంటారు. పోయిన సంక్రాంతి నుంచి కొత్త రూలు పెట్టినారు, ఆడోళ్లందరూ లిప్‌స్టిక్, ఫౌండేషన్ వేసుకోవాలి, జుట్టు తెల్లగా కనపడకూడదు, లేకుంటే రోజుకు 100 ఫైన్, ఆ సామాను కూడా మా డబ్బులతోనే కొనుక్కోవాల. నాకు డై పడక తలంతా పుండ్లు పడితే డాక్టరు వద్దన్నాడు, మానేసినా. నా పక్కనే అదే సెక్షన్లో చీరలు పరిచే అన్నకు మీసాలు కూడా నెరిసినాయి, ఆయన్ని అడిగేవాళ్లు లేరు. నన్ను మాత్రం గోడౌన్లోకి పంపి మడతలు పెట్టమన్నారు, ఇన్సెంటివ్ పోయింది. ఒకసారి ఫ్లోర్ మేనేజరు అందరి ముందర నా ఒంటి గురించి పాడు మాట అన్నాడు. పోయిన నెలలో ఏడ్చుకుంటా ఉంటే "ఇష్టం లేకుంటే రాసిచ్చి పో" అంటే వాళ్లు చెప్పినట్టే రాసిచ్చి వచ్చేసినా. ఇది ఆడోళ్ల మీద వివక్ష కాదా? ఎయిర్ హోస్టెస్‌ల కేసు ఒకటి ఉందంట, దాన్ని పట్టుకుని హైకోర్టుకు పోవచ్చా? మా మరిది వేరే దారి చెప్తున్నాడు, అది కూడా రాసినా.

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మూడు పేజీలు అవమానం గురించే ఉంది, ఒక పక్కన చిన్న ముక్క రాసి వదిలేశారు, "సొంత కారణాల వల్ల మానేస్తున్నానని రాయమన్నారు, రాసినా" అని. మీ కేసంతా ఆ ముక్క మీద నిలబడి ఉంది. ఆ కాగితం అట్లే ఉంటే రేపు లేబర్ ఆఫీసులో ఓనర్ తరఫు వకీలు చెయ్యాల్సిన పని ఒక్కటే, దాన్ని తీసి బల్ల మీద పెట్టి "ఆమే మానేసింది, మేం తియ్యలేదు" అంటాడు, అంతే. తీసేస్తే అడగడానికి చట్టం ఉంది, మీ అంతట మీరే పోతే అడగడానికి పెద్దగా ఏం మిగలదు. ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం 1988లో 47వ సెక్షన్ ప్రకారం ఆర్నెల్లు నిండిన ఉద్యోగిని సరైన కారణం లేకుండా, నెల నోటీసో నెల జీతమో ఇవ్వకుండా తియ్యడానికి లేదు, దాని మీద లేబర్ డిపార్ట్‌మెంట్లో అప్పీల్ కూడా ఉంది, కానీ ఇవన్నీ "తీసేసిన" వాళ్లకు. రాజీనామా ఇచ్చిన వాళ్లకు కాదు.

మీకు ఒక సందు మిగిలింది. రాజీనామాను ఒప్పుకున్నట్టు వాళ్లు మీకు కాగితం ఏదీ ఇయ్యలేదు, రిలీవింగ్ లెటర్ లేదు, లెక్క సెటిల్ చెయ్యలేదు అని రాశారు కదా. ఒప్పుకోక ముందే రాజీనామా వెనక్కి తీసుకోవచ్చు. ఒప్పుకున్నా కూడా, బెదిరించి ఒత్తిడి పెట్టి రాయించుకున్నది చెల్లదని అడగొచ్చు, కాకపోతే ఒత్తిడి ఉందని నిరూపించాల్సింది మీరే. నెలయినా నోరు మెదపకుండా ఇంట్లో కూర్చున్న మనిషి ఆ తర్వాత వచ్చి "బలవంతంగా రాయించుకున్నారు" అంటే ఏ అధికారి అయినా మొదట అడిగేది "మరి ఇన్నాళ్లు ఏం చేస్తున్నావమ్మా" అనే. కాబట్టి ఈ వారంలోనే ఓనర్ పేరు మీద ఉత్తరం పెట్టండి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ రూములో, ఎవరెవరు ఉండగా, ఏ మాట అని రాయించుకున్నారో రాసి, ఆ రాజీనామాను వెనక్కి తీసుకుంటున్నాను, డ్యూటీకి రావడానికి సిద్ధంగా ఉన్నాను అని రాయండి. స్పీడ్ పోస్టులో పంపి రసీదు, డెలివరీ అయినట్టు వచ్చే ప్రూఫ్ రెండూ దాచుకోండి. ఫోన్లో చెప్పినా, మనిషితో చెప్పి పంపినా అది సాక్ష్యం కాదు.

ఇంకో మాట, "సెటిల్మెంట్ చెక్కు రెడీగా ఉంది వచ్చి సంతకం పెట్టి తీసుకో" అంటున్నారు అన్నారు. ఆ సంతకం పెట్టే కాగితం కింద "ఇకమీదట నాకు ఎటువంటి బాకీ, క్లెయిమ్ లేదు" అనే లైను కచ్చితంగా ఉంటుంది, చూడకుండా సంతకం పెడితే నేను పైన చెప్పిందంతా అక్కడికక్కడే అయిపోయినట్టే. జీతాల మీద వచ్చిన కొత్త చట్టం, వేతనాల కోడ్ ప్రకారం మానేసినా తీసేసినా రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలి, ఆ లైను మీద సంతకం పెడితేనే ఇస్తాం అనే హక్కు వాళ్లకు లేదు. డబ్బు అవసరమై తీసుకోక తప్పకపోతే "అభ్యంతరంతో తీసుకుంటున్నాను, నా మిగతా హక్కులు వదులుకోలేదు" అని మీ చేతిరాతతో రాసి, ఫోటో తీసుకున్నాకే సంతకం పెట్టండి. ఆరేళ్ల సర్వీసుకు గ్రాట్యుటీ మాత్రం రాజీనామా అయినా కాకపోయినా వస్తుంది, దాన్ని వదులుకోవద్దు.

ఇప్పుడు హైకోర్టు సంగతి. రాజ్యాంగంలో 15వ అధికరణం మొదటి మాట రాజ్యం వివక్ష చూపకూడదు అనే, అది ప్రభుత్వాన్ని కట్టేసే మాట. మీ ఓనర్ ప్రైవేటు మనిషి, ఆయన మీద రిట్ వేస్తే ఖర్చులు తప్ప ఏం రాదు. మీరు విన్న ఎయిర్ హోస్టెస్‌ల కేసు నర్గేష్ మీర్జా కేసు, 1981లో సుప్రీంకోర్టు తీర్పు. మొదటి గర్భం రాగానే ఉద్యోగం తీసేసే రూల్ని అందులో కొట్టేశారు, నిజమే, కానీ అది నడిచింది ఎయిర్ ఇండియా అప్పట్లో ప్రభుత్వ కార్పొరేషన్ కాబట్టి. పైగా అదే తీర్పులో విమానంలో పనిచేసే మగ సిబ్బంది వేరే కేడర్, ఎయిర్ హోస్టెస్‌లు వేరే కేడర్, కాబట్టి సర్వీసు రూల్స్ తేడాగా ఉన్నా వివక్ష కాదు అని కూడా అన్నారు. దాన్ని చూపించి మీ ఓనర్ "మగోళ్ల పని వేరు, ఆడోళ్ల పని వేరు" అంటే మీ కేసుకే దెబ్బ.

మీకు పనికొచ్చే తీర్పు 1987ది, మెకినన్ మెకెంజీ కంపెనీ మీద ఆడ్రే డికోస్టా అనే స్టెనోగ్రాఫర్ గెలిచింది. అది ప్రైవేటు కంపెనీ. ఆడ స్టెనోలకు తక్కువ జీతం ఇచ్చి, వాళ్ల పని వేరు అని వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు, చిన్నచిన్న తేడాలు పట్టుకుని వేరే పని అనకూడదు, మొత్తం మీద పని ఒకటేనా కాదా చూడాలి అంది. అప్పుడు ఉన్న సమాన వేతన చట్టం 1976 ఇప్పుడు వేతనాల కోడ్‌లో కలిసిపోయింది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లో ఉంది. దాని 3వ సెక్షన్ జీతంలోనే కాదు, ఒకే రకం పనికి ఉద్యోగ షరతుల్లో కూడా ఆడ మగ తేడా పెట్టకూడదు అంటుంది. మేకప్ వేసుకోమనడం తప్పు అని నేరుగా చెప్పే చట్టం మన దగ్గర లేదు, ఓనర్‌కు యూనిఫాం పెట్టుకునే హక్కు ఉంది, మగోళ్లకు కూడా గడ్డం గీసుకోమని చెప్తున్నాం కదా అంటాడు. ఆ వాదనలోకి దిగొద్దు. నెరిసిన జుట్టుకు మీకు గోడౌన్, అదే నెరిసిన మీసానికి ఆయనకు కౌంటర్, దాని వల్ల మీ ఇన్సెంటివ్ ఇంత పోయింది అని డబ్బు లెక్కలోకి తీసుకురండి. అందుకే మీ పక్కనున్న అన్నది, మీది ఒకే సెక్షన్, ఒకే టార్గెట్ షీటు, బిల్లు మీద ఒకే రకం సేల్స్‌మన్ కోడ్ అని చూపించే కాగితాలు నాకు మీ కన్నీళ్ల కంటే ఎక్కువ అవసరం.

ఫైన్ల విషయంలో మీది గట్టి కేసు. రోజుకు 100 చొప్పున కోసుకోవడానికి ఓనర్ ఇష్టం సరిపోదు. దేనికి ఫైన్ వేస్తారో ముందే ప్రభుత్వ అనుమతితో నోటీసు పెట్టి ఉండాలి, వేసే ముందు మీ మాట వినాలి, నెల మొత్తం ఫైన్లు జీతంలో 3 శాతం దాటకూడదు, రిజిస్టర్లో ఎక్కించాలి. లిప్‌స్టిక్ లేదని వేసిన ఫైను ఇందులో ఏ గడప దాటుతుంది? వేతనాల కోడ్ కింద క్లెయిముకు మూడేళ్ల గడువుంది, కోత అక్రమం అయితే దానితో పాటు పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం కూడా ఉంది, అన్నిటికంటే మంచిది, డబ్బు సరిగ్గా ఇచ్చాం అని రుజువు చేసే బాధ్యత 59వ సెక్షన్ ఓనర్ మీదే పెట్టింది. ఫ్లోర్ మేనేజరు చిన్న నోటుబుక్కులో మీ పేరు పక్కన "ఎల్.ఎస్. లేదు, 100" (అంటే లిప్‌స్టిక్ లేదు అని) రాసేవాడు అన్నారే, దాని ఒక్క పేజీ ఫోటో ఎవరి ఫోన్లో ఉన్నా సంపాదించండి.

ఇక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. మేకప్ రూల్స్ అన్నీ వాట్సాప్ గ్రూపులోనే పెట్టేవాళ్లు అని రాసి, చివర్లో "మనసు విరిగి గ్రూపులోంచి బయటికొచ్చి చాట్ అంతా డిలీట్ చేసినా" అని రాశారు. అమ్మా, చేతిలో ఉన్న సాక్ష్యాన్ని మీరే చెరిపేస్తే ఎట్లా? చదువుకున్నోళ్లు కూడా ఇదే చేస్తున్నారు, కోపం వస్తే ముందు చాట్ చెరిపేస్తారు, తర్వాత వకీలు దగ్గరకు వస్తారు. ఫోన్లో ఆటోమేటిక్ బ్యాకప్ ఇప్పుడే ఆపించండి, కొత్త బ్యాకప్ పడితే పాతది పోతుంది, తెలిసిన వాళ్ల చేత పాతది వెనక్కి తెప్పించుకోగలరేమో చూడండి. అది కుదరకుంటే ఇంకా అక్కడే పనిచేస్తున్న మీ స్నేహితురాలి ఫోన్లో ఆ గ్రూపు ఉంటుంది, స్క్రీన్ షాట్లు ఒక్కటే చాలవు, చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేయించి ఆ ఫోన్ మార్చకుండా ఉంచమనండి. కొత్త సాక్ష్య చట్టం, భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ లేకుండా ఎలక్ట్రానిక్ కాపీ కోర్టులో నిలవదు, అది మేం తయారు చేయిస్తాం, కానీ ఫోన్ ఉండాలి. డాక్టరు డై వద్దని రాసిన చీటీ ఒరిజినల్ భద్రంగా పెట్టుకోండి, దాని తేదీ మిమ్మల్ని గోడౌన్లోకి పంపిన తేదీకి ముందే ఉందా చూసి చెప్పండి.

మేనేజరు ఒంటి మీద అన్న మాట గురించి "ఒకసారి" అని రాశారు. ఎప్పుడు? తేదీ లేకపోతే కనీసం ఏ పండగ ముందర, ఏ సీజన్లో, ఎవరు విన్నారు? జుట్టు గురించి అన్నది వివక్ష, ఒంటి గురించి అసభ్యంగా అన్నది పని ప్రదేశంలో లైంగిక వేధింపుల చట్టం 2013 కిందకి వస్తుంది, రెండూ కలిపి ఒకే ముద్ద చెయ్యొద్దు. ఈ చట్టంలో గడువు మూడే నెలలు, ఆఖరిసారి జరిగిన రోజు నుంచి లెక్క, సరైన కారణం రాసి, ఫిర్యాదు విచారించే కమిటీ ఇంకో మూడు నెలలు పొడిగించవచ్చు, ఆ తర్వాత తలుపు మూసేస్తారు. పది మంది, అంతకు పైగా పనిచేసే చోట ఇందుకోసం ఇంటర్నల్ కమిటీ ఉండాలి, అరవై మంది ఉన్న షోరూంలో లేకపోతే అది ఓనర్ తప్పే, దానికి 50,000 దాకా జరిమానా ఉంది, అప్పుడు జిల్లా స్థాయిలో ఉండే లోకల్ కమిటీకి ఫిర్యాదు ఇవ్వండి. ఆరు కాపీలు, సాక్షుల పేర్లతో.

ఇక మీ మరిది సలహా. "చెయ్యి వేశాడు అని ఒక లైను కలిపి టూ టౌన్లో కేసు పెడితే ఓనరే కాళ్ల బేరానికి వస్తాడు" అన్నాడంట. ఆ లైను రాయొద్దు. జరగనిది ఒక్క అక్షరం కూడా కలపొద్దు. ఆ షోరూంలో కెమెరాలు ఉన్నాయి, ఒక్క అబద్ధం బయటపడితే మీరు చెప్పిన నిజాలు కూడా ఎవరూ నమ్మరు, తప్పుడు ఫిర్యాదుకు బీఎన్ఎస్ (ఐపీసీ బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత) 217, 248 సెక్షన్ల కింద మీ మీదే కేసు వస్తుంది, మీ మరిది మీద కాదు. మేనేజరు నిజంగా అన్న ఆ పాడు మాటకే 75, 79 సెక్షన్లు ఉన్నాయి, ఉన్నదున్నట్టు రాస్తే చాలు. అట్లే ఫిర్యాదు ఇచ్చాక దాని గురించి రీల్స్ చెయ్యడం, పేర్లతో పోస్టులు పెట్టడం వద్దు, 2013 చట్టం 16వ సెక్షన్ దాన్ని నిషేధించింది.

వకీలు ఫీజుకు భయపడుతున్నారు, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ కింద ఉచితంగా వకీల్ని ఇస్తారు, మన జిల్లా కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంది, 15100కు ఫోన్ చేసినా చెప్తారు. పోయేటప్పుడు ఆరు నెలల పే స్లిప్పులు, బ్యాంకు స్టేట్మెంటు, డాక్టరు చీటీ, పోస్టు రసీదు పట్టుకుని పోండి, దాంతో పాటు ఏ రోజు ఏం జరిగిందో తేదీల వరుసలో ఒక్క పేజీలో రాసుకుని పోండి, గుర్తు లేని తేదీ దగ్గర గుర్తు లేదు అనే రాయండి.