కప్లర్ కిందికి వాలకుండ ఏది మోస్తది?

ప్రశ్న: కాజీపేట జంక్షన్‌ల బొగ్గు గూడ్స్ చూస్తుంటే డౌటొచ్చింది సార్. వ్యాగన్లను ఒకదానికొకటి కలిపే కప్లర్ అంత బరువుంటది కదా, విప్పినంక కిందికి ఎందుకు వాలిపోదు?
– డిప్లొమా విద్యార్థి, హన్మకొండ

జవాబు: చాలా మంచి డౌట్ తమ్మీ, దీని గురించి అడిగేటోళ్లే తక్కువ. కప్లర్ మెడను షాంక్ అంటం, వ్యాగన్లల్ల అది స్ట్రైకర్ కాస్టింగ్ (వ్యాగన్ చివర షాంక్ బయటికొచ్చే కాడ ఉండే ఉక్కు చట్రం) అడుగు మీద ఆనుతది, మధ్యల వేర్ ప్లేట్ ఉంటది, వెనక షాంక్‌ను పట్టుకునే యోక్ అనే చట్రాన్ని ఇంకో సపోర్ట్ ప్లేట్ మోస్తది. బోల్టులేసి గట్టిగ బిగిస్తే అయిపోదా అనిపిస్తది గాని మలుపుల కాడ కప్లర్ పక్కకు తిరగాలె, ఎత్తుపల్లాలకు కిందమీద ఆడాలె, అంటే బరువు మోయాలె గాని కదలిక ఆపొద్దు, డిజైన్ల అసలు కష్టం గిదే. రాపిడంత వేర్ ప్లేటే తింటది, అరిగితే అదొక్కటి మారుస్తరు. మార్చకుంటే తల వాలి ఎత్తు తప్పుతది. మన బ్రాడ్‌గేజ్‌ల పట్టా మీదికెల్లి కప్లర్ సెంటర్ దాకా ఖాళీ బండికి 1105 మిల్లీమీటర్లు దాటొద్దు, లోడ్‌తోని 1030 కంటె తగ్గొద్దు. ఎల్‌హెచ్‌బీ కోచ్‌లల్ల (కొత్త రకం ప్యాసింజర్ డబ్బాలు) టైట్‌లాక్ కప్లర్లు ఒకదాంట్లొకటి బిగుసుకుంటయి, ఒకదాని మీద ఒకటి కిందమీద జారయి, కోచ్ ఊగితే కప్లరే కిందమీద ఆడాలె, అందుకే అక్కడ సపోర్ట్ కింద స్ప్రింగులు పెడతరు. షాంక్ అడుగున తళతళ మెరిసే గీత పడ్తది, అది గీ రాపిడిదే.