చెంబు సరే, ఆటో చేయగలడా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్ళిలో ఉంటాం. మావాడు సెకండ్ పీయూసీ (ఇంటర్ రెండో ఏడాది), సైన్స్. నోటుబుక్కుల నిండా బళ్ళు, రోబోల బొమ్మలే. వాటిని కంప్యూటర్లో త్రీడీ మోడల్స్‌గా మార్చే కోర్సులో చేరతానంటున్నాడు. ఫీజు రెండు లక్షలు. వాళ్ళ నాన్నగారు ఇంజనీరింగే అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ఇప్పుడే డబ్బు కట్టకండి. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉచితం. దొంగ కాపీ కాదు, 2002 నుంచి ఓపెన్ సోర్స్. ముందు అందులో మీ వంటింటి చెంబు చేయమనండి. సగం అంచు గీసి నడిమి గీత చుట్టూ తిప్పితే, సారె మీద కుండ లేచినట్టు చెంబు లేస్తుంది. ఒక్క పూటలో అయిపోతుంది, పిల్లాడు ఉబ్బిపోతాడు.

మర్నాడు ఆటో చేయమనండి. అసలు సంగతి అక్కడ బయటపడుతుంది. ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి గీసి, రెండు కాగితాలకూ ఫోన్‌తో ఫోటో తీసి (ఫోన్ వంచకుండా, సరిగ్గా పైనుంచి), బ్లెండర్లో ఎల్ ఆకారంలో నిలబెట్టి, వాటిని చూస్తూ మోడల్ కట్టాలి. ముందు బొమ్మలో హెడ్‌లైట్ ఏ ఎత్తున ఉందో పక్క బొమ్మలోనూ అక్కడే ఉండాలి. మొదటిసారి ఉండదు. కాగితం మీద మన కన్ను సర్దుకుపోతుంది, కంప్యూటర్ సర్దుకోదు. విసుక్కుని లేచిపోతే, మీవాడికి గీయడం ఇష్టం, మోడలింగ్ కాదు. ఇలస్ట్రేషన్ వేరే దారి, అదీ మంచిదే. స్కేలు తీసుకుని చెరిపి, మళ్ళీ గీస్తూ వారం కూర్చున్నాడా, నాన్నగారితో నేను మాట్లాడతాను.

"ఏఐ చేసేస్తుందిగా" అని ఆయన అనొచ్చు. ఒక్క బొమ్మ ఇస్తే మోడల్ ఇచ్చే టూల్స్ వచ్చాయి, నిజమే. కనబడని వెనక వైపు మాత్రం అవి ఊహతోనే పూడుస్తాయి. పైగా ఆ మోడల్ ఒంటిని కట్టే గీతల వల చాలాసార్లు చిక్కుపడి ఉంటుంది. రోబో మోచెయ్యి మడవగానే అక్కడ నలిగిపోతుంది. దాన్ని విప్పి సరిచేసేవాడికి పని ఉంటుంది. చెంబులు మాత్రమే చేయగలిగేవాడి సంగతి నాకు అనుమానమే.

నిజానికి మీ ఇంట్లో గొడవ మీరనుకున్నంత పెద్దది కాదు. గేమ్స్, యానిమేషన్ వాళ్ళు బ్లెండర్, మాయా వాడతారు. బళ్ళు, యంత్రభాగాలైతే సాలిడ్‌వర్క్స్, కాటియా అనే సాఫ్ట్‌వేర్లు. అక్కడ మిల్లీమీటర్ల లెక్క, మెకానికల్ చదివినవాళ్ళకు నేరుగా అందే పని. నాన్నగారి మాటా నిలుస్తుంది. డిజైన్ డిగ్రీయే కావాలంటే ఐఐటీ బాంబే జరిపే యూసీడ్ అనే ప్రవేశ పరీక్ష రాయించండి. జనవరిలో ఉంటుంది, చేత్తో బొమ్మ గీయాల్సిన భాగం కూడా ఉంది. వరుసగా రెండేళ్ళు రాయొచ్చు. ఊళ్ళోనే ఉన్నాయి కదా అని ఎన్ఐడీ (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) క్యాంపస్, ఐఐఎస్సీ చుట్టూ ఇప్పుడు తిరక్కండి. అక్కడి డిజైన్ కోర్సులు డిగ్రీ అయ్యాకే.

ఆ రెండు లక్షల కోర్సుకి ఎప్పుడైనా వెళ్తే, పాత విద్యార్థుల మోడల్స్ రంగులద్దినవి కాకుండా వైర్‌ఫ్రేమ్‌లో, అంటే ఆ గీతల వల మాత్రమే కనిపించేలా, చూపించమని అడగండి. రంగు కింద దాగే తప్పులు చాలావరకు అందులో కనిపిస్తాయి.