పొలం ప్లాట్ల మధ్య చిక్కింది, అమ్మాయి తోటల చదువు అంటోంది

ప్రశ్న: మాది రాజమహేంద్రవరాన్ని ఆనుకుని కడియం వైపు ఉన్న ఊరు. తూర్పు డెల్టా కాలువ కింద రెండెకరాల ఇరవై సెంట్ల పొలం ఉంది. మూడు వైపులా లేఅవుట్లు వచ్చేశాయి. అమ్మాయి ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటు వచ్చేంత మార్కులు రాలేదు. ఉద్యాన డిగ్రీ చదివి మన పొలాన్నే బాగు చేస్తానంటోంది. పొలం అమ్మి యాజమాన్య కోటాలో మెడిసిన్ సీటు తీసుకోమని బంధువులు ఒత్తిడి చేస్తున్నారు. నాలుగేళ్ల తర్వాత ఈ ఊళ్లో పొలమే మిగలకపోతే ఆ చదువు దేనికని నా భయం. దారి చెప్పండి.

జవాబు: మీ ఉత్తరంలో రెండు ప్రశ్నలు ఒకదానికొకటి చుట్టుకుని ఉన్నాయండి. పొలాన్ని ఏం చేయాలన్నది ఒకటి, అమ్మాయి ఏం చదవాలన్నది మరొకటి. ముందు ఈ రెండింటినీ విడదీయండి. పొలం ఉన్నా, అమ్మేసినా అమ్మాయి చదువు ఆమెకు అక్కరకు రావాలి. అమ్మాయి ఏ కోర్సులో చేరినా పొలం గురించి మీరు నిదానంగా ఆలోచించుకునే వీలుండాలి. బంధువుల సలహాలో ఈ రెండూ పోతాయి. అమ్మాయి అడగని చదువు కోసం తిరిగిరాని భూమిని అమ్ముకోవడం నాకు ఏ విధంగానూ సబబుగా తోచడం లేదు. మెడిసిన్ గురించి ఇంతకుమించి రాయను.

మీ భయం గురించి మాత్రం వివరంగా రాయాలి. ఎందుకంటే కొన్నేళ్ల క్రితం సరిగ్గా ఇదే భయంతో వచ్చిన ఒక తండ్రికి నేను తప్పు సలహా ఇచ్చాను. వాళ్ల పొలం కాకినాడ అంచున ఉండేది. ఊరు పెరిగేచోట సేద్యం చదువు ఎందుకని, వ్యవసాయ కోర్సులో చేరాలనుకున్న ఆ అబ్బాయిని వేరే దారికి మళ్లించాను. నగరం అంచున ఉన్న పొలాన్ని ప్లాటు కావడానికి వరుసలో నిలబడిన భూమిగా మాత్రమే చూశాను. అది నగరానికి ఏం చేసిపెడుతోందో అప్పటికి నాకు తెలియదు. తెలుసుకున్న కొద్దీ ఆ సలహా నన్ను బాధపెడుతూనే ఉంది.

1826లో జర్మనీలో ఫాన్ థ్యూనెన్ అనే రైతు ఒక పుస్తకం ప్రచురించాడు. ఆయన సొంత పొలం లెక్కలు రాసుకున్న మనిషి. మైదానం నడుమ ఒకే ఒక నగరం ఉంటే దాని చుట్టూ ఏ పంట ఎంత దూరంలో పండుతుందో లెక్కగట్టాడు. పాలు, కూరగాయలు నగరానికి అతి దగ్గరగా, త్వరగా చెడిపోని ధాన్యం దూరంగా పండుతాయని తేల్చాడు. లారీలు, శీతల గిడ్డంగులు వచ్చాక ఆ వలయాలు చెదిరిపోయాయి. ఇప్పుడు మన టమాటా మదనపల్లె నుంచి వస్తుంది, ఉల్లిపాయ మహారాష్ట్ర నుంచి వస్తుంది. అయినా తోటకూర, గోంగూర, బచ్చలి, కొత్తిమీర, మల్లెపూలు, పచ్చిపాలు ఈనాటికీ దగ్గర ఊళ్ల నుంచే రావాలి. తెల్లవారుజామున కోసిన ఆకుకూర మధ్యాహ్నానికి వాడిపోతుంది. ఇందులో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. వరికి నగరం దగ్గరైనా దూరమైనా ఒకటే. రెండెకరాల్లో వరి ఒక్కటే వేస్తున్నంతకాలం నగరం పక్కనే ఉండటం వల్ల మీకు కలిసొచ్చేది ఏమీ లేదు. ప్లాట్ల ధర చూసి బెంగ మాత్రం మిగులుతుంది.

అలాగని వరిని తీసిపారేయలేం. మనది బల్లపరుపు నేల. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేయించాడు. ఆ తర్వాత డెల్టాలో మెరక మీదుగా కాలువలు, పల్లంలో మురుగునీటిని తీసుకెళ్లే కోడులు, వాటి మధ్య పొలాలకు నీరు అందించే పంట బోదెలు పరుచుకున్నాయి. ఒక్క బోదెను గ్రావెల్‌తో పూడ్చినా పై పొలంలో నీళ్లు నిలుస్తాయి, కింది పొలం ఎండుతుంది. గట్లున్న వరి చేను వానను పట్టి ఉంచుతుంది. ఎకరంలో పది సెంటీమీటర్ల నీరు నిలబడితే నాలుగు లక్షల లీటర్లు. మీ పొలం మొత్తం మీద దాదాపు తొమ్మిది లక్షల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లతో తోడాలంటే దగ్గరదగ్గర నూట ఎనభై ట్యాంకర్లు కావాలి. ఆ పొలాన్ని మెరక చేసి సిమెంటు రోడ్లు పోస్తే ఆ నీరంతా పక్క కాలనీ గడపల్లోకి వెళ్తుంది. ఈ మేలుకు మీకు ఎవరూ రూపాయి ఇవ్వడం లేదు. అది అన్యాయమే. కానీ ఆ మేలు నిజం. రేపు ఏ పట్టణంలోనైనా దాన్ని లెక్కగట్టి అధికారుల ముందు పెట్టగలిగినవాళ్లు కావాలి. మీ అమ్మాయి చదువు ఎక్కడ పనికొస్తుందని అడిగారు కదా, ఇది ఒక చోటు.

మరో చోటు కలకత్తాలో కనిపిస్తుంది. 1980ల మొదట్లో ధ్రువజ్యోతి ఘోష్ అనే ప్రభుత్వ పారిశుద్ధ్య ఇంజినీరు నగరం మురుగునీరు చివరికి ఏమవుతుందో చూడటానికి దాని వెంట వెళ్లాడు. అది తూర్పు అంచున ఉన్న చేపల చెరువుల్లోకి వెళ్తోంది. అక్కడ ఎండ, నాచు, చేపలు కలిసి ఆ నీటిని శుభ్రం చేస్తున్నాయి. ఆ నీటితోనే వరి, కూరగాయలు పండిస్తున్నారు. అవేవీ ఏ ఇంజినీరూ గీసిన పథకాలు కావు. తరతరాలుగా జాలర్లు, రైతులు నేర్చుకున్న విద్య. ఆయన జీవితమంతా ఆ నేలను కట్టడాల నుంచి కాపాడటానికి పాటుపడ్డాడు. 2002లో ఆ 12,500 హెక్టార్లకు, అంటే దాదాపు 31 వేల ఎకరాలకు, చిత్తడి నేలల రక్షణ కోసం దేశాలు చేసుకున్న రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది.

ఇదే కథకు చేదు వైపు కూడా ఉంది. హైదరాబాద్ దిగువన మూసీ నీటితో పశువుల గడ్డి, ఆకుకూరలు పండించి బతికే కుటుంబాలున్నాయి. ఆ నీటిలో ఇళ్ల మురుగుతోపాటు కర్మాగారాల వ్యర్థాలూ కలుస్తాయి. మన డెల్టాలో భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్ పక్కన నిలబడితే నేను చెప్పేది అర్థమవుతుంది. లేఅవుట్ల మురుగు మీ బోదెలో కలుస్తోందా? మీరు రాయలేదు. మూడు వైపులా ఇళ్లంటే కలుస్తూ ఉండవచ్చు. కలుస్తుంటే ఆ నీటితో పచ్చిగా తినే కూరలు, ఆకుకూరలు పెంచకండి. పూలు, అలంకరణ మొక్కలు, నారు పెంచడం మేలు. మురుగునీటి సేద్యం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన మార్గదర్శకాల సారం కూడా ఇంచుమించు ఇదే. పంటను బట్టి నీరు వాడాలి, కోతకు కొన్ని రోజుల ముందు నీరు ఆపాలి, కోసిన తర్వాత మంచినీటితో కడగాలి.

ఇక చదువు సంగతి. తాడేపల్లిగూడెం దగ్గర వెంకటరామన్నగూడెంలో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. 2007లో మొదలైంది. నాలుగేళ్ల బీఎస్సీ ఆనర్స్ ఉద్యానంలో బైపీసీ విద్యార్థులకు ప్రవేశం ఏపీ ఈఏపీసెట్ ర్యాంకు మీద ఉంటుంది. వ్యవసాయ డిగ్రీకి ఆచార్య ఎన్జీ రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం ఉంది. దాని కళాశాల రాజమహేంద్రవరంలోనే ఉంది కాబట్టి ఆ దారి కూడా మూసేయకండి. రైతుల పిల్లలకు సీట్లలో ప్రత్యేక కోటా ఉంటుంది. దానికి సొంత పొలం కాగితాలు, మున్సిపాలిటీ పరిధిలో లేని ఊళ్లలో చదివినట్టు ధ్రువపత్రాలు అడుగుతారు. మీ ఊరు ఇప్పటికీ పంచాయతీయేనా, నగరంలో కలిసిపోయిందా, అమ్మాయి ఏ తరగతి ఎక్కడ చదివింది, ఈ వివరాలన్నీ ఇప్పుడే రాసి పెట్టుకుని, ఈ ఏడాది ప్రకటనలోని షరతులతో సరిచూసుకోండి. నగరం అంచున ఉండే కుటుంబాలు చాలాసార్లు ఈ ఒక్క కాగితం దగ్గరే చిక్కుకుంటాయి. ప్రైవేటు కళాశాలలో చేరాల్సి వస్తే భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఫీజు కట్టకండి.

ఈ డిగ్రీతో ఉద్యాన శాఖ పోస్టులకు, గ్రామ సచివాలయాల్లో ఉద్యాన సహాయకుల పోస్టులకు, బ్యాంకుల్లో వ్యవసాయ క్షేత్ర అధికారి పరీక్షకు అర్హత వస్తుంది. ఇవి అందరికీ తెలిసినవే. నియామకాలు ఏటా ఉండవు కాబట్టి వీటి మీదే ఆశ పెట్టుకోవద్దని పిల్లలకు చెబుతుంటాను. పట్టణాల ప్రణాళికలు గీసే ఉద్యోగం గురించి అమ్మాయి అడిగితే, ప్లానింగ్ డిగ్రీకి ఇంటర్‌లో గణితం ఉండాలి, ఇప్పుడు ఆ దారి లేదు.

నాకు ఆశ ఎక్కువగా ఉన్నది మీ గుమ్మం ముందున్న పనిలో. కడియం, కడియపులంక నర్సరీల గురించి మీకు నేను చెప్పడమేమిటి! జాతీయ రహదారి పక్కన వరసగా ఉన్న ఆ తోటల నుంచి మొక్కలు ఎన్నో రాష్ట్రాలకు లారీల్లో వెళ్తాయి. ఆ మొక్కల్ని కొనేది ఎవరు? పెరుగుతున్న నగరాలే. కొత్త ఇల్లు, కొత్త కాలనీ పార్కు, రోడ్డు నడుమ విభాగిని, ఆసుపత్రి ఆవరణ, అన్నింటికీ మొక్క కావాలి. మీ పొలాన్ని చుట్టుముట్టిన లేఅవుట్లకూ కావాలి. అంట్లు కట్టే చేతి నైపుణ్యం ఆ ఊళ్లలో మెండుగా ఉంది. అక్కడి కూలీ మహిళలు అంటు కట్టే వేగం చూసి నేను చాలాసేపు కదలలేకపోయాను. కొరత మరొక చోట ఉంది. ఏ తెగులు ఏ మొక్కతో పొరుగు రాష్ట్రానికి వెళ్తోందో పట్టేవాళ్లు, తల్లి మొక్క జాతి నమ్మకంగా చెప్పగలిగేవాళ్లు, ఎర్రమట్టికి బదులు కోనసీమ కొబ్బరి పొట్టును సరైన పాళ్లలో వాడించేవాళ్లు, మిద్దె తోటల వాళ్లకు నారు, ఎరువు, సలహా కలిపి అందించేవాళ్లు కావాలి. డిగ్రీ చదువుతూ సెలవుల్లో నర్సరీలో పనిచేసిన అమ్మాయికి ఈ పనులన్నీ అందుబాటులో ఉంటాయి. ఇవేవీ మీ రెండెకరాల మీద ఆధారపడినవి కావు. పొలం పోయినా ఈ విద్య ఆమె దగ్గరే ఉంటుంది.

పొలం గురించి నా అభిప్రాయం కూడా దాచకుండా చెబుతాను. ప్లాటు ధర పలికే భూమిలో ఏ పంటా ఆ ధరకు వడ్డీ తేలేదు. అమ్మాయి ఎంత చదివినా తేలేదు. ఆ పోలికతో ఆమె కష్టాన్ని తూచవద్దని నా వేడుకోలు. కుటుంబానికి అప్పులు లేకపోతే, తిండికి ఇబ్బంది లేకపోతే నాలుగేళ్లు అమ్మకం మాట ఎత్తకండి. సార్వాలో, అంటే వానాకాలం పంటలో, వరి వేయండి, ఆ నల్లమట్టిలో వానాకాలం కూరగాయలు నిలవవు. దాళ్వాలో, అంటే రెండో పంటలో, నీరు తక్కువ పడితే అపరాలో, కూరగాయలో చూడండి. ఇరవై సెంట్ల మెరక ముక్క ఉంటే దాన్ని అమ్మాయికి అప్పగించండి. అందులో నారు పోసినా, బంతి వేసినా, ఎండబెట్టినా ఆమె ఇష్టం. లెక్క మాత్రం ఆమే రాయాలి. ఒకవేళ అవసరం వచ్చి కొంత అమ్మాల్సి వస్తే, బోదె, దారి మీ చేతిలో మిగిలేలా అమ్మండి. నీటి దారి పోయిన పొలాన్ని ఏ డిగ్రీ కాపాడలేదు.

పొలం కౌలుకు ఇచ్చి ఉంటే ఇంకో మాట. నగరం అంచున భూమి ఎప్పుడు అమ్ముడవుతుందో తెలియక కౌలుదారు మూడు నెలల పంటకు మించి ఏదీ వేయడు, ఎరువూ పోయడు, గట్టూ వేయడు. అతని తప్పు కాదు. 2019లో వచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద పదకొండు నెలల ఒప్పందం రాసుకోవచ్చు. యజమాని హక్కుకు దానివల్ల ముప్పు లేదు. రాసివ్వండి. అతనికి పంట రుణం, పరిహారం అందే దారి తెరుచుకుంటుంది.

చివరగా అమ్మాయితో రెండు మాటలు. అమ్మా, కౌన్సెలింగ్‌కు ఇంకా సమయం ఉంటే మూడు పనులు చెయ్యి. మీ ఊరి నుంచి కూరగాయల ఆటో తెల్లవారుజామున ఎన్నింటికి బయలుదేరుతుందో కనుక్కుని, నాన్నను తోడు తీసుకుని ఒక రోజు దానిలో రైతుబజారుకు వెళ్లు. ఏ కట్ట ఎంతకు దిగిందో, ఎంతకు అమ్ముడైందో, ఎంత మిగిలిపోయిందో రాసుకో. రెండోది, కాలువకు నీరు వదిలాక మీ బోదె వెంట తూము నుంచి కోడు దాకా నడువు. ఎక్కడ పూడిక ఉంది, ఎక్కడ ఇంటి గొట్టం కలిసింది, కాగితం మీద గీయి. మూడోది, ఆ నీటిని, పొలం మట్టిని పరీక్షకు ఇవ్వు. ఫలితాలు, నువ్వు గీసిన పటం, ధరల చీటీ కలిపి నాకు పంపు. నీటిలో ఏముందో చూశాక ఉద్యానమా, వ్యవసాయమా, ముందు ఏ కళాశాల పేరు పెట్టాలి అన్నది ముగ్గురం కూర్చుని తేల్చుకుందాం.